అన్నం తిన్నారా అని అడిగిన అమ్మ
(సల్మాబాద్ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘసేవ చేసిన ఒక మాతృమూర్తిని స్మరించమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మా తాతగారూ, నాన్నగారూ బడిపంతుళ్లే. మూడో తరంలో మాకూ ఆ పనే అబ్బింది. అందుచేత ఉపన్యాసం కన్నా పాఠం చెప్పడమే మాకు తేలిక. ఇది మా సాయంకాలపు తెలుగు తరగతిలో చెప్పిన పాఠమే.

ఆ తల్లి డొక్కా సీతమ్మగారు. 1841లో గోదావరి సీమలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు వచ్చినవారికల్లా అన్నం పెట్టేవారు కనుక ఊరివారు ఆయన్ను 'బువ్వన్న' అని పిలిచేవారట. సీతమ్మగారు లంకల గన్నవరంలోని డొక్కా జోగన్నగారి ఇల్లాలయ్యారు. జోగన్నగారిది వ్యవసాయం.

మన బహ్రెయిన్ చుట్టూ ఉప్పునీరు. కోనసీమ లంకల చుట్టూ గోదావరి పాయలు. ఆ రోజుల్లో ఆ దారిని వెళ్లేవారు పడవ దాటాలి. పడవ తప్పినవారు, వరదకు చిక్కినవారు ఆకలితో రేవులో నిలబడేవారు. డబ్బున్నా అన్నం దొరికే చోటు లేదు. అటువంటివారందరికీ డొక్కావారి ఇల్లే దిక్కు. కులమేదని అడగలేదు, వేళ చూడలేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి వెలిగేది.

ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఒక పెళ్లివారి గుంపు, ఆకలికి ఏడ్చే పిల్లలను "గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరడించడం విన్నారు. వెంటనే వెనక్కి మళ్లించి, వారికన్నా ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారని మనవారు చెప్పుకుంటారు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఉత్సవానికి పిలుపు వస్తే, పేరు కోసం పెట్టిన అన్నం కాదని వెళ్లలేదనీ చెబుతారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర గోదావరి పాయపై కట్టిన కొత్త అక్విడక్టు ఆవిడ పేరు మోస్తున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆ పేరే పెట్టింది.

ఈ పాఠం చెబుతున్న రోజునే మా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఇక్కడి వర్క్‌షాపులో పనిచేసే తెలుగు కుర్రవాడొకడు, ఇంటినుంచి వచ్చిన కాగితం చదివించుకోవడానికి తరగతి గుమ్మంలోకి వచ్చాడు. "పాఠం నడుస్తోంది, కాసేపు కూర్చో నాయనా" అన్నాము. అరగంట సీతమ్మగారి గొప్పతనం చెప్పాము. అప్పుడు ఒక చిన్నపిల్ల లేచి, "మాస్టారూ, ఆ అన్నయ్య అన్నం తిన్నాడో లేదో మీరు అడగలేదు" అన్నది. అతడు పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. పిల్లలు తెచ్చుకున్న పులిహోర అతడి ముందు పెట్టారు. ఆ రోజు పాఠం చెప్పింది మేము కాదు.

మన పిల్లల తెలుగులో తప్పులున్నాయని బెంగపడుతుంటాము. ఒత్తులు, దీర్ఘాలు నెమ్మదిగా దిద్దుకోవచ్చు. కాని "అన్నం తిన్నారా?" అని అడగడం మరచిపోతే మనకు మిగిలే తెలుగు ఏపాటిది? ఆ మాట మన అమ్మలు, అమ్మమ్మలు గుమ్మంలో నిలబడి అడిగిన మాట. ఈ ఉత్సవానికి తెల్లవారుజామున లేచి గరిటె పట్టిన తల్లులూ అడిగేది అదే.

కనుక మా మనవి ఒక్కటే. ఈ సల్మాబాద్‌లో గ్యారేజీల వెనుక గదుల్లో మనవారు ఎందరో ఒంటరిగా ఉన్నారు. ఇకనుంచి ప్రతి పండుగకూ ఒక్కొక్క కుటుంబం ఒక్కరిని వెంటబెట్టుకు రండి. వేరే వరుసలో కాదు, మీ పక్కనే కూర్చోబెట్టండి. మొదటి ముద్ద మీ పిల్లల చేత వడ్డింపించండి.

 వంటశాలలో ఉండి ఈ మాటలు వినలేకపోయిన తల్లులకు మా నమస్కారాలు. సెలవు.