అటుకమీది తుపాకి, బీరువాలోని పుస్తకము



మన అటవీ గ్రామములలో పాత యిల్లు విప్పునపుడు అటుకమీద తుప్పుపట్టిన తుపాకి యొకటి బయటపడవచ్చును. దానిని పాత యినుము క్రింద తూచి యమ్మకుడు. ముట్టుకొననైనను వలదు, గొట్టములో మందు ఏండ్లతరబడి చావక యుండును. అనుమతి లేక ఉంచుకొనుట నేరము గనుక ముందు ఠాణాకు తెలుపుడు.

అయిన దాని విలువ యేమి? వత్తితో నిప్పంటించునది పాత రకము. పిమ్మట చెకుముకిరాయి, ఆపై రాగిటోపీ వచ్చినవి. సర్కారు తుపాకిపై సామాన్యముగా ముద్రయు అంకెయు నుండును. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి 26 తుపాకులు గొనిపోయెను. అట్టి అంకె ఠాణా దస్త్రముతో సరిపోయినచో ఆ యినుపముక్కయే సాక్షి యగును.

దస్త్రముతోపాటు పాత పుస్తకమును గూడ చూడవలెను. ఏ పుస్తకము? భద్రాచలము పూర్వ వృత్తాంతమునకు ఖమ్మం జిల్లా గ్రంథములను తిరుగవేసి విసుగు చెందినవారున్నారు. 1874లో మధ్యపరగణాలనుండి గోదావరి జిల్లాలో చేరిన యీ తాలూకా 1959లో గాని ఖమ్మమునకు రాలేదు. కావున హెమింగ్వే దొర 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరే శరణ్యము. (చెదలు తినని ప్రతి దొరకినచో అదృష్టమే!) 1879 నాటి రంప పితూరీ రేకపల్లె సీమకు ప్రాకిన వైనము అందు గలదు. అధికారి వ్రాతయే యైనను, పోడుపన్ను పెంచిన సంగతిని అది దాచలేదు.

ఠాణాకు తెలిపిన నాడే పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరము వ్రాయుడు. ఏ యింట దొరికినది, ఇంటి పెద్దలు దానిని గూర్చి యేమి చెప్పుదురు అను మాటలు అందు చేర్చుడు.