కాన్సరు మానినవారి సంరక్షణము
(వార్షిక మహాసభయందుఁ జేసిన ప్రసంగము)



వానకు మొగము వాచిన యీ అనంతపురపు మెట్టసీమలో మగ్గమును నమ్ముకొని బ్రదుకు కులము మనది. 2022లో ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినను మన కష్టసుఖములు వేఱు గాలేదు. పూర్వము పుట్టకురుపు వచ్చినచో మనవారు ప్రాణముపై నాస విడిచెడివారు. నేఁడట్లు గాదు. 1973లో వెలసిన బెంగుళూరి కిద్వాయి సంస్థ మనకు దూరము గాదు. 2007లో ఆరంభమై పేరులు మాఱుచు వచ్చిన ఆరోగ్యశ్రీ పేదలకును చికిత్స నందించినది. కావున రోగము మాని యిలు సేరినవారు మనలోఁ బెక్కురు గలరు. వారి గతి యేమి? ఇదియే మా విన్నపము.

చికిత్స ముగియుటతో భయము ముగియదు. ఱొమ్ము శస్త్రచికిత్సలో చంకగ్రంథులు తీసినచోఁ గొన్నియేండ్ల పిదపనైనను చేయి వాయవచ్చును. నేఁతకత్తెకు చేయియే జీవనము గదా! వాపు తొలినాఁడే చూపినచోఁ గట్టులతోను, వ్యాయామముతోను అదుపున నుంచవచ్చును. ఆ చేయి యెఱ్ఱబాఱి జ్వరము వచ్చెనేని యానాఁడే వైద్యునిఁ జూడవలెను. కొందఱు స్త్రీలు అయిదేండ్లు, మఱికొందఱు పదేండ్లు మాత్రలు మ్రింగవలసియుండును. కూలి దొరకని నెలలో వానిని మానుట ప్రమాదము. మెడకుఁ గిరణచికిత్స జరిగినవారికి థైరాయిడు మందగింపవచ్చును. రక్తపరీక్షచే నది తెలియును. కొన్ని మందులు గుండెను బలహీనపఱచును.

ఇవి యన్నియు నూరి వైద్యుఁడు కనిపెట్టఁదగినవే. కాని యతనికి మనము చెప్పుట లేదు! ఆఁడుబిడ్డల సంబంధములు చెడునని కాగితములు పెట్టెలో దాఁచుచున్నాము. ఆయాసముతో వచ్చిన రోగి వెనుకటి చికిత్సను దాఁచినచో వైద్యుఁడేమి చేయఁగలఁడు? కాన్సరు అంటురోగము గాదు. వంశమున వచ్చునది కొద్ది పాలు మాత్రమే. సిగ్గుపడవలసినది రోగి గాదు, వానిని దాఁగునట్లు చేసిన మనమే.

కావున మేము మూఁడు కోరుచున్నాము. చికిత్స పొందిన ప్రతివారును రోగము పేరు, శస్త్రచికిత్స, మందులు, కిరణచికిత్స, మరలఁ జూపుకొనవలసిన కాలము ఆసుపత్రివారిచే నొక పుస్తకమున వ్రాయించుకొనవలెను. ఆ పుస్తకమును దగ్గఱి వైద్యునికిఁ జూపి, యాతనియొద్దనే క్రమముగాఁ బరీక్ష చేయించుకొనవలెను. బస్సుకూలికిని, మాత్రలకును సంఘము కొంత నిధి నేర్పఱుపవలెను. కల్యాణమంటపములకు విరాళము లొసఁగిన దాతలు దీనికిని జేయి చాతురని నమ్ముచున్నాము.

మృత్యుముఖమునుండి మరలినవారిని మన నిర్లక్ష్యమునకు బలి చేయకుందుముగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.