అక్షరం కూర్చే పని
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రాఫిక్ డిజైనర్లు చేసే పని ఏమిటి, దానికి ఏం తెలిసి ఉండాలి అనే విషయంపై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. మేము ఉర్దూ మీడియం పంతుళ్లము, కంప్యూటరు వాళ్లము కాము. అయినా ఒప్పుకున్నాము. కారణం పుంగనూరు జల్సాకు కట్టిన బ్యానరు.

ఆ బ్యానరుకు ఉర్దూ వాక్యం మేమే ఫోనులో పంపినాము. షాపు కుర్రవాడు పనిమంతుడే గాని ఉర్దూ రాదు. అతని సాఫ్ట్‌వేరులో కుడి నుంచి ఎడమకు రాసే లిపికి సర్దుబాటు లేదు. అక్షరాలు ఒకదాన్నొకటి వదిలేసి, ఎడమ నుంచి కుడికి తిరగబడినాయి. నమూనా పంపితే మేము బస్సులో ఉండి, సరిగా చూడకుండానే "ఠీక్ హై" అన్నాము. స్టేజీ మీద కట్టినాక మా తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి, "సర్, బిస్మిల్లా ఉల్టా హై" అని మెల్లగా చెప్పింది. తప్పు కుర్రవాడిది కాదు, మాది. ఆ రోజు తల ఎత్తుకోలేకపోయినాము.

డిజైన్ అంటే బొమ్మలు గీయడమని మనవాళ్ల అభిప్రాయం. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పోయి చూడండి. ట్రేల మీద మండీ పేరు, గుర్తు ఉంటాయి. హమాలీ నడుస్తూ నడుస్తూనే అది ఎవరి సరుకో గుర్తుపట్టాలి. చదివేవాడు ఎవడు, ఎంత దూరంలో ఉన్నాడు, ఎంతసేపు చూస్తాడు, ఇది ముందు ఆలోచించేవాడే డిజైనరు.

మనకిది కొత్త విద్య కాదు. మన కాతిబులు చేసినది ఇదే. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' దినపత్రికను దశాబ్దాల తరబడి కాతిబులు చేత్తోనే రాసినారు. శీర్షిక ఎంత లావు, ప్రకటనకు ఎంత చోటు, పంక్తి ఎక్కడ ఆగాలి, అంతా కంటి లెక్క. 1981లో కంప్యూటరుకెక్కిన నూరీ నస్తాలీఖ్ కూడా మిర్జా అహ్మద్ జమీల్ అనే ఖుష్‌నవీసు వేలకొద్దీ అక్షరకూటములను చేత్తో రాసి ఇచ్చినదే. 1994లో ఇన్‌పేజ్ వచ్చినది. కాతిబులకు పని తగ్గిపోయింది. ఆ కంటి లెక్క నేర్పేవారూ తగ్గిపోయినారు.

ఇక తెలియవలసిన సంగతులు. మొదటిది చదవడం. తెలుగుకు వత్తులు కిందికి దిగుతాయి, కాబట్టి పంక్తికీ పంక్తికీ నడుమ ఇంగ్లీషుకన్నా ఎక్కువ జాగా కావాలి. నస్తాలీఖ్ ఏటవాలుగా దిగే రాత, దానికి ఇంకా ఎక్కువ. ఈ రెండు లిపులూ ఒకే రుఖాలో ఇమడాలంటే రెండూ తెలిసిన కన్ను కావాలి. కుప్పంలోనైతే పక్కనే తమిళం, కన్నడం కూడా. రంగుల సంగతి వేరు. ఫోనులో వెలుగుతో మెరిసే పచ్చరంగు కాగితంపై సిరాతో అచ్చయ్యేసరికి మసకబారుతుంది. మన జెండాలకు, బ్యానర్లకు పచ్చరంగే గదా, అందుకని ప్రత్యేకంగా చెప్తున్నాము. సాఫ్ట్‌వేరు నేర్చుకోవడం ఆరు నెలల పని, పిల్లలు మనకన్నా ముందే నేర్చుకుంటారు.

తస్వీర్ల విషయం కొందరు తండ్రులు అడిగినారు. ఆ మసలా ఆలిములు చెప్పవలసినది. మేము చెప్పగలిగినది, ఈ పనిలో ఎక్కువ భాగం అక్షరాలే.

ఆ అమ్మాయి దస్తూరీ చాలా బాగుంటుంది. ఇది ఇంట్లో కూర్చుని కూడా చేయగల పని. తండ్రిగారు మాత్రం "ఇది కూడా ఒక చదువా సార్?" అంటున్నారు. చదువే. కడపలో 2020లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత దీనికి డిగ్రీ ఉన్నది. ఆయన ఈ సభలోనే ఉన్నారు. మేము మళ్లీ ఇంటికి వస్తాము, చాయ్ పెట్టించండి.

సొసైటీ వారికి ఒక మనవి. వేసవి సెలవుల్లో మా స్కూలు గదిలో ఉదయం పూట పిల్లలకు ఖుష్‌ఖతీ నేర్పుతాము. ఖలాలు, సిరా మేమే తెచ్చుకుంటాము. కంప్యూటరు ఒకటి, అది పాతదైనా సరే, ఇప్పించండి. వచ్చే జల్సా బ్యానరు ఆ పిల్లల చేతే చేయిద్దాము. నమూనా ఈసారి బస్సులో చూడము.