ఫోను వచ్చిన పిల్లకు రాత వచ్చినట్లేనా?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నలుగురు ఆడవాళ్ళం ఒకచోట చేరితే ఈ రోజుల్లో పిల్లల ఫోన్ల ప్రస్తావన రాకుండా పోదు. "మా వాడికి ఒకరు చెప్పాలా అక్కా, కరెంటు బిల్లు వాడే కడతాడు, గ్యాసు వాడే బుక్ చేస్తాడు" అని ఒకరంటారు. "మా పాప మూడేళ్ళప్పుడే ఫోనులో బొమ్మలు తనే పెట్టుకునేది" అని ఇంకొకరు మురిసిపోతారు. పిల్లల తెలివి చూసి తల్లి మురవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ మురిపెంలో మనం ఒక లెక్క కూడా వేసేసుకుంటున్నాము. ఫోను ఇంత బాగా వచ్చిన పిల్లలకు కంప్యూటరు కూడా వచ్చే ఉంటుంది, కాలేజీలో అడిగే రాతపనులన్నీ దాని మీద ఇట్టే చేసేస్తారు అని. ఈ లెక్క సరైనదేనా అన్న సంగతే ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

ఈ లెక్క వేసుకున్నది మన ఒక్కరమే కాదు. 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికా రచయిత ఈ కాలపు విద్యార్థులకు 'డిజిటల్ నేటివ్స్' అని పేరు పెట్టినాడు. ఈ యంత్రాల మధ్యనే పుట్టి పెరిగినవాళ్ళు, వీటి భాష వాళ్ళకు మాతృభాష వంటిది అని ఆయన భావం. మనబోటి పెద్దవాళ్ళం ఆ దేశానికి వలస వచ్చినవాళ్ళమట! పేరు బాగుంది గనుక ప్రపంచమంతా పాకింది. ఒకే ఈడు పిల్లలైనంత మాత్రాన అందరికీ ఒకే పరిచయం ఉండదని తర్వాత చాలామంది విద్యావేత్తలు ఆక్షేపించినారు గానీ, ఆ ఆక్షేపణ అంత దూరం పాకలేదు.

మాతృభాష అన్నారు గనుక ఆ మాటే తీసుకుందాము. మనమంతా తెలుగు మాట్లాడుతూనే పెరిగినాము గదా! అంతమాత్రాన ఎవరూ నేర్పకుండా మనకు ఉత్తరం రాయడం వచ్చిందా? పలక పట్టి, అ ఆలు దిద్ది, గుణింతాలు చదివి, పంతులుగారి చేత చెవి మెలిపెట్టించుకుంటే గదా రాత వచ్చింది. ఫోను వాడడానికీ, కంప్యూటరు మీద పది పేజీల నివేదిక రాయడానికీ అంతే తేడా ఉంది.

ఫోనులో పిల్లలు రాసేదేమిటి? "వస్తున్నా", "తిన్నావా", "సరే". రెండు బొటనవేళ్ళతో చకచకా కొట్టేస్తారు, నిజమే. కాలేజీ రాత అది కాదు. శీర్షికలు పెట్టాలి, పట్టికలు గీయాలి, పేజీలకు అంకెలు వేయాలి. రెండో పేజీలో చెప్పిన మాట ఏడో పేజీలో పొసగాలంటే వెనక్కి పోయి చూసుకోవాలి. ఫోను అద్దంలో ఒకసారికి నాలుగు పేరాలైనా కంటికి ఆనవు. రాసినదాన్ని ఒక పేరుతో దాచిపెట్టాలి, మళ్ళీ కావలసినప్పుడు అది ఎక్కడుందో వెదుక్కోవాలి, దిద్దాలి, మెయిలుకు జతచేసి పంపాలి. ఇవన్నీ నేర్పితే వచ్చేవే గాని, ఫోనుతో పాటు వాటంతటవి వచ్చేవి కావు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2023లో 'అసర్' సంస్థవారు దేశంలో 28 జిల్లాల్లో పల్లెటూరి పిల్లలను, 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళను పరీక్షించి చూసినారు. నూటికి దాదాపు 90 మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉంది, వాడడమూ వచ్చు. అదే కంప్యూటరైతే నూటికి 9 ఇళ్ళలోనే ఉంది. ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లల్లో 85 శాతం మందికి దాన్ని వాడడం వచ్చు. లేనివాళ్ళలో 34 శాతం మందికే వచ్చు. ఇక మన ఆడపిల్లల సంగతి వినండి. ఫోను వాడడం వచ్చిన మగపిల్లల్లో తన సొంత ఫోను ఉన్నవాళ్ళు సుమారు 44 శాతమైతే, ఆడపిల్లల్లో 20 శాతమే. తక్కినవాళ్ళు నాన్నదో, అన్నదో ఫోను పని తీరినాక అడిగి తీసుకోవలసిందే.

మన అనంతపురం సంగతికి వద్దాము. వాన లేని ఊరని పేరేగాని, చదువుకు మన ఊరు ఎప్పుడూ వెనకబడలేదు. 1916లోనే ఇక్కడ దత్తమండల కళాశాల వెలిసింది. అదే నేటి ఆర్ట్స్ కాలేజీ. 1946లో ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చినాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే ఈ మెట్టనేల మీద చెనిక్కాయ పంటను నమ్ముకున్న రైతులు, పంట పోయిన ఏడు కూడా అప్పు చేసి పిల్లలను ఇక్కడికి చదువుకు పంపుతారు. ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళు. ఇంట్లో అడగడానికి తెలిసినవాళ్ళుండరు.

ఆ పిల్లల మీద ఒకేసారి రెండు బరువులు పడినాయి. 2020–21లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 'కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు' అని ఒకటి చేర్చినారు. మొదటి సంవత్సరం ముగిసినాక విద్యార్థి ఒక ఊరికి పోయి, ఇల్లిల్లూ తిరిగి, జనం కష్టసుఖాలు కనుక్కొని నివేదిక రాయాలి. చాలా మంచి ఆలోచన. ఆ వెంటనే 2021–22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోనే అన్నారు. అంటే పన్నెండేళ్ళు తెలుగులో చదివిన పిల్ల, తన చేతికి అలవాటు లేని యంత్రం మీద, తన నోటికి అలవాటు లేని భాషలో రాయాలి. రెండూ వచ్చేసి ఉంటాయని అందరూ అనుకునేవాళ్ళే.

మా వీధిలో అద్దె గదిలో ఉండి చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కళ్యాణదుర్గం వైపు పల్లె. తన ఊళ్ళోనే నలభై ఇళ్ళు తిరిగి, ఎవరెన్ని బోర్లు వేసినారు, ఎన్ని అడుగులు పోయినారు, ఎన్నింట్లో నీళ్ళు పడినాయి, ఎంత అప్పైంది అని నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. ఆ పుస్తకం నేను చదివినాను. ఒక్కొక్క పేజీ చదువుతుంటే కళ్ళు చెమర్చినాయి. కాలేజీలో అది కంప్యూటరు మీద కొట్టి తెమ్మన్నారు. ఆ పిల్ల రెండు రాత్రులు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చుకుంటూ, ముక్కలు ముక్కలుగా ఫోనులో తనకు తానే మెసేజీలు పంపుకుంది. వాటిని తీసుకొనిపోయి నెట్ సెంటరులో ఇస్తే, పేజీకి ఇంతని తీసుకొని, వాళ్ళు ఎవరిదో పాత నివేదికలో వీటిని అతికించి ప్రింటు తీసి ఇచ్చినారు. బోర్ల పట్టిక అంకెలు చెదిరిపోయినాయి. మూడో పేజీలో వేరే ఊరి పేరు అట్లాగే ఉండిపోయింది. దాన్ని చూసి కాలేజీలో, "ఇది నువ్వు చేసిన పనేనా, ఎవరిదైనా తెచ్చినావా?" అని అడిగినారట.

నలభై గడపలు ఎక్కి దిగిన పిల్లను ఆ మాట అడిగితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. "ముందే నాకు రాదని చెప్పి ఉండవచ్చు గదా అమ్మీ" అన్నాను. "అందరికీ వచ్చునేమో అత్తా, నా ఒక్కదానికే రాదేమో అనుకున్నా. అడిగితే నవ్వుతారని ఊరకుండినా" అన్నది. నోటు పుస్తకం చూపించినాక చివరకు నమ్మినారు గాని, ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు.

ఈ పిల్లలకు ఇవన్నీ పుట్టుకతోనే వచ్చునని మనమంతా పైకి అంటుంటే, రాని పిల్ల నోరు విప్పడానికి జంకుతుంది. మనం మెచ్చుకోలుగా అనే మాటే ఆ పిల్లకు గొంతులో అడ్డుపడుతుంది. అడగనివాళ్ళకు నేర్పేవాళ్ళుండరు.

మన తరంలో ఈ చిక్కు లేదు. ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి. ఒక గంట కూర్చుని, మెషీను వైపు చూడకుండా పది వేళ్ళతో కొట్టడం అభ్యాసం చేసేవాళ్ళు. లోయరు, హయ్యరు అని పరీక్షలుండేవి. టైపు నేర్చుకోవలసిన విద్య అని అందరికీ తెలుసు గనుక, రాదని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కారు. కంప్యూటరు మీది అక్షరాల వరుస ఆ పాత టైపు మెషీనుదే. యంత్రం మారింది గాని, నేర్చుకునే పని మిగిలే ఉంది.

ఇప్పుడు ఇంకొక కొత్త సంగతి వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, అడిగితే నిమిషంలో వ్యాసం రాసిచ్చే యంత్రాలు పిల్లల చేతికి అందినాయి. రాయడం చేతకాని పిల్లకు అది ఎంత ఆశ పెడుతుందో వేరే చెప్పాలా? అయితే ఆ యంత్రం నలభై ఇళ్ళు తిరగలేదు. ఎవరి బోరు ఎన్ని అడుగులో దానికి తెలియదు. ఏదో ఊరి సంగతి సొంపుగా అల్లి ఇస్తుంది. పరుల రాతను తనదిగా చూపడాన్ని అరికట్టడానికి యు.జి.సి. 2018లోనే నియమాలు చేసింది. ఇతరుల రాతతో పోలిక పది శాతం లోపుంటేనే చిన్న విషయంగా వదిలేస్తారు. భయం ఒక్కటే చాలదు, తన మాట తానే రాసుకొనే చేవ మన పిల్లలకు ఇవ్వాలి.

మరి మనం ఇంట్లో ఉండి చేయగలిగిందేమిటి?

మొదటిది, మీ పిల్లలను మెత్తగా అడగండి. "నీకు వచ్చులే" అనకండి. "ఒక పేజీ కంప్యూటరు మీద రాసి, దాచి, మళ్ళీ తీసి నాకు చూపించు" అనండి. తడబడితే నవ్వకండి.

రెండవది, కంప్యూటరు కొనే స్తోమత లేకపోతే దిగులు పడకండి. కొన్ని వందల రూపాయలకు విడిగా కీబోర్డు దొరుకుతుంది. చిన్న ఓటీజీ ముక్కతో దాన్ని చాలా ఫోన్లకు తగిలించవచ్చు. గూగుల్ డాక్స్, లిబ్రె ఆఫీస్ వంటివి డబ్బు కట్టకుండానే వాడుకోవచ్చు. రోజుకు అరగంట అభ్యాసం చేస్తే వేళ్ళు వాటంతటవే దారి పడతాయి.

మూడవది, ముందు తెలుగులో కాగితం మీద రాయమనండి. చెప్పదలచింది తేలినాక ఇంగ్లీషుకు, యంత్రానికి పోవచ్చు. తెలుగును కూడా యంత్రం మీద రాయవచ్చు. పాత డీటీపీ అక్షరాలు ఒక చోట కొడితే ఇంకొక చోట పిచ్చిగీతలుగా కనబడేవి. 1991లో యూనికోడ్ వచ్చి తెలుగుకు 128 గదులు కేటాయించి, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె ఇచ్చింది. అంచేత ఇప్పుడు ఇక్కడ రాసిన 'అ' అమెరికాలోనూ 'అ'గానే కనబడుతుంది. 1986 నాటి ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. 2017 నుంచి గూగుల్‌లో నోటితో తెలుగు చెబితే రాసుకొనే ఏర్పాటు కూడా వచ్చింది. తప్పులు పడతాయి, దిద్దుకోవాలి.

నాలుగవది, కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి పోయినప్పుడు మార్కుల సంగతితో పాటు ఒక మాట అడగండి. కంప్యూటరు గది ఎప్పుడు తెరిచి ఉంటుంది? పల్లెకు పోయే ఆఖరి బస్సు లోపల ఆడపిల్లలకు ఒక గంటైనా దొరుకుతుందా? మొదటి నెలలోనే ఎవరికి వచ్చు, ఎవరికి రాదు అని కనుక్కొని నేర్పుతున్నారా? ఒక తల్లి అడిగితే గొణుగుడుగా ఉంటుంది, పదిమంది అడిగితే ఏర్పాటు జరుగుతుంది.

ఆ కళ్యాణదుర్గం అమ్మాయి సెలవుల్లో పక్కింటి వాళ్ళ పాత కంప్యూటరు మీద నెల రోజులు కూర్చుంది. బోర్ల పట్టికను మళ్ళీ తనే గీసుకుంది. ఇప్పుడు తన ఊరి నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలకు నేర్పుతున్నది. మీ వీధిలోనూ అద్దె గదుల్లో ఇట్లాంటి పిల్లలు ఉంటారు. సాయంత్రం ఒకసారి పలకరించండి. మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే, మీ పిల్లలు వాడని వేళ ఒక గంట దాని ముందు కూర్చోనివ్వండి.