తాళం వేసిన ఆసనాల ముందు
1782లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి హోలీ ట్రినిటీ చర్చికి విచారణ గురువుగా, అనగా ఆ సంఘాన్ని నడిపే కాపరిగా, నియమితుడైన చార్లెస్ సిమియన్‌ను అక్కడి సభ్యులు చాలామంది అంగీకరించలేదు. ఆ కాలంలో కుటుంబాలకు కేటాయించి, తలుపులు అమర్చిన ఆసన వరుసలను ‘ప్యూ’లనేవారు. వాటి హక్కుదారులు తాము రాకపోగా ఇతరులు కూర్చోకుండా తాళాలు వేయడంతో, వచ్చినవారు నడవల్లో నిలబడే ప్రసంగం వినవలసి వచ్చింది. సిమియన్ సొంత ఖర్చుతో బల్లలు వేయిస్తే, చర్చి వార్డెన్లు, అంటే ఆలయ వ్యవహారాలు చూసే సంఘ పెద్దలు, వాటిని బయట పారవేయించారు. ఇంత అవమానంలోనూ ఆయన సంఘాన్ని విడిచిపోక, బోధనను ఓర్పుతో కొనసాగించడం నిజంగా గొప్ప విషయం. ఆయన వద్ద సహాయ గురువుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ 1806లో భారతదేశానికి వచ్చాడు. సిమియన్ మాత్రం 1836లో మరణించేవరకు, 54 ఏళ్లపాటు, అదే చర్చిలో సేవ చేశాడు.