మానేసినవాళ్ల మధ్య ఒక గంట

పొద్దున ఒట్టు పెట్టుకున్న మనిషి సాయంత్రానికి మళ్లీ వైన్‌షాపు ముందు నిలబడితే, మనోబలం లేదని తీసిపారేస్తాం. కానీ ఒంటరిగా మానడం కష్టం. మానేసినవాళ్ల తోడు ఔషధంలా పనిచేస్తుంది. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (మానేసినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే సమావేశాలు) పద్ధతిపై వచ్చిన 27 అధ్యయనాలను వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2020లో పరిశీలించింది. ఈ సమావేశాలకు ఒక క్రమం ప్రకారం అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటంలో మిగతా చికిత్సల కంటే మెరుగని తేల్చింది.

అలాంటి మీటింగుకు వెళ్తే పరువు పోదా అంటారు. అక్కడ ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు, తిప్పే చందా కూడా ఇష్టముంటేనే. (పరువు వైన్‌షాపు ముందే ఎక్కువ పోతుంది.) దేవుడి ప్రస్తావన ఉంటుంది, నిజమే; కానీ చేరడానికి మానాలన్న కోరిక చాలు. మీటింగులు దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో డీఅడిక్షన్ కేంద్రంలోనో, పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో అడగండి. వ్యసన విముక్తికి ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 కూడా ఉంది. ఇంట్లోవాళ్లు వెంట వెళ్లాలంటే అది బయటివాళ్లనూ రానిచ్చే ఓపెన్ మీటింగేనా అని ముందే కనుక్కోవాలి. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడండి. అయితే రోజూ బాగా తాగేవాళ్లు, పొద్దున్నే చేతులు వణికేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు; మీటింగు కంటే ముందు డాక్టరును కలవాలి.