బోటు మీటర్లు అబద్ధం చెప్తున్నాయా? కొత్తవి కొనేముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కానీ డీబగ్గింగ్ ఉంది. కాకినాడలో మా మావయ్యకి డీజిల్ ఇంజిన్ ఫిషింగ్ బోటు ఉంది. డ్యాష్‌బోర్డు మీద డీజిల్, ఇంజిన్ వేడి, ఆయిల్ ప్రెషర్ చూపించే మూడు మీటర్లు. రాత్రి లైట్లు వేస్తే చాలు, మూడు ముళ్లూ ఒకేసారి గెంతుతాయి. పెళ్లి ముళ్లు కాదండోయ్!

"మీటర్లు పోయాయిరా అల్లుడూ, వాటిని నేను చూడటమే మానేశాను" అన్నాడు మావయ్య. నాకు భయం వేసింది అక్కడే. ఎందుకో చివర్లో చెప్తాను.

మొదటి ప్రశ్న: పాడైంది ఒక్క మీటరా, అన్నీనా? మూడు మీటర్లూ ఒకేరోజు చెడిపోవడం చాలా అరుదు. అన్నీ కలిసి తేడాగా ఉంటే, అన్నిటికీ కామన్‌గా ఉన్నదాన్ని అనుమానించాలి. అంటే ఫ్యూజు, కీ నుంచి వచ్చే సప్లై, లేదా ఎర్త్ వైరు.

మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టాను. కీ ఆన్ చేసి, లైట్లు వేసి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి మీటరు వెనక ఎర్త్ టెర్మినల్ మీద. దాదాపు సున్నా రావాలి. మాకు 1.8 వోల్ట్‌లు వచ్చింది. బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసి ఎర్త్ వైరు విప్పి చూస్తే, కొస నిండా పచ్చటి చిలుము. ఉప్పుగాలి చేసిన పని. కొస కత్తిరించి, కొత్త లగ్ వేసి, టెర్మినల్‌ని స్యాండ్‌పేపర్‌తో రుద్ది బిగించాం. ఖర్చు వంద రూపాయల లోపే!

ఒక్క మీటరే తేడాగా ఉంటే? ట్యాంకు దగ్గరో ఇంజిన్ దగ్గరో సెండర్ ఉంటుంది. మామూలు రెండు వైర్ల మీటరు కాదు ఇది, సెండర్ రెసిస్టెన్స్ మారితే ముల్లు కదులుతుంది. కీ ఆన్‌లో సెండర్ వైరు పీకితే ముల్లు ఒక చివరికి పోవాలి. ఆ వైరుని ఒక్క క్షణం ఎర్త్‌కి తాకిస్తే రెండో చివరికి పోవాలి. పోయిందా? మీటరు, వైరు మంచివే, సెండర్‌ని చూడండి. పోలేదా? మీటరు వెనక 'ఎస్' టెర్మినల్ దగ్గర ఇదే చేయండి. అక్కడ కదిలితే మధ్యలో వైరు తెగినట్టు. అక్కడా కదలకపోతే, సప్లై, ఎర్త్ బాగుంటే, అప్పుడు మీటరు మార్చండి. రెండు జాగ్రత్తలు: 'ఎస్' టెర్మినల్‌కి బ్యాటరీ పాజిటివ్ ఎప్పుడూ ఇవ్వొద్దు. పెట్రోల్ బోటైతే ట్యాంకు దగ్గర ఈ టెస్ట్ వద్దు, నిప్పురవ్వ చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఎర్త్ బాగయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేశాం. డీజిల్, ఆయిల్ ముళ్లు బుద్ధిగా నిలబడ్డాయి. వేడి ముల్లు మాత్రం మెల్లగా ఎర్రగీత వైపు పాకుతోంది. "చూశావా, ఇది పోయిందన్నాను కదా" అన్నాడు మావయ్య. వెనక్కి వెళ్లి చూస్తే, బయటికి ధారగా రావాల్సిన కూలింగ్ నీళ్లు సన్నగా కారుతున్నాయి. ఇంజిన్ ఆపి సముద్రపు నీటి ఫిల్టర్ విప్పాం. లోపల ప్లాస్టిక్ కవరు ముక్క!

అంటే ఆ మీటరు నిజమే చెప్తోంది. వినేవాళ్లే లేరు. అదే సముద్రం మధ్యలో ఇంజిన్ పట్టేస్తే, బోటులో ఉన్న ఆరుగురి సంగతి ఏంటి?

తేడా చూపించే మీటర్ని అలా వదిలేయకండి. అది తప్పని టెస్ట్ చేసి తేలేవరకు నిజమే అనుకోండి. మీ ఇంట్లో, మీ ఊళ్లో బోటు ఉన్నవాళ్లకి ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!